సాక్ష్యంలో చెప్పని మందులు

జనవరి 19, ఆదివారం

ఇవాళ చర్చిలో సాక్ష్యం చెప్పాను. ఇంటికొచ్చి రెండు గంటలైంది, ఇంకా చర్చి చీర కూడా మార్చుకోలేదు. సంతోషంతోనే అయి ఉంటుంది.

మా ఆయన కాలు మానింది. నిన్న పొద్దున చివరి పట్టీ విప్పాను. జులై ఆఖర్లో కాలువ గట్టు మీద మడమలో తుమ్మముల్లు దిగింది. ఆయనది నీటిపారుదల శాఖలో లష్కర్ పని. తూములు ఎత్తుతూ దించుతూ తడిలో తిరగాల్సిందే. పైగా షుగర్. నిజామాబాద్ డాక్టర్లు పాదం తీసేయాల్సి రావచ్చు అన్నారు. ఇవాళ అదే పాదంతో వర్ని చర్చి మెట్లెక్కి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల నర్సు పనిలో ఎన్ని కాళ్లు పోవడం చూశానో నాకు తెలుసు. ఇది మామూలు విషయం కాదు.

సాక్ష్యాల సమయంలో లేచాను. ముల్లు గుచ్చుకుంది, డాక్టర్లు పాదం తీయాలన్నారు, మేం రోజూ దేవుణ్ణి స్తుతించాం, ప్రార్థన చేసిన నూనె రాశాం, దేవుడు మాన్పాడు. అంతే చెప్పాను. చర్చంతా ఒక్కసారి స్తోత్రం అంది. ఆడవాళ్ల వరుసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో ఫోన్‌లో వీడియో కూడా తీశారట.

ఇన్సులిన్ సంగతి, డ్రెస్సింగుల సంగతి చెప్పలేదు. సాక్ష్యంలో అవెవరు చెప్తారు? పాస్టర్ అరుణ్ గారు మొన్న ప్రసంగంలోనే అన్నారు, దేవుని మహిమలో మనిషి వాటా అడగొద్దని. ఐదు నెలలు రోజూ ఆరింటికి లేచి పుండు కడిగింది నేనేనని అంత మంది ముందు చెప్పుకుంటే ఏం బాగుంటుంది?

అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "దవఖాన ముచ్చటే ఎత్తకపోతివి."

"మహిమ దేవునికి పోవాలె గద."

"పొయ్యింది తియ్యి," అని పప్పు కలుపుకున్నాడు.

ఆ 'తియ్యి' నాకు నచ్చలేదు. కాలు బాగుచేసి పెడితే మనిషికి వెటకారం కూడా మొలుస్తుంది కాబోలు.

జనవరి 21, మంగళవారం

వీడియో చాలా దూరం పోయింది. బోధన్ బస్టాండులో మరాఠీ యాసతో ఒకావిడ "కాలు మానింది మీ ఇంటాయనదే గద అక్కా," అని నా చేయి పట్టుకుంది. ఆవిడెవరో తెలియదు. నా బస్సు వచ్చి పోయింది, ఎక్కలేదు. ఆవిడతో మాట్లాడుతూ నిలబడ్డాను.

జనవరి 26, ఆదివారం

పొద్దున జెండా, ఆ తర్వాత ఆరాధన, సాయంత్రం రుద్రూర్ అవతల ఒక పల్లెలో ఇంటి కూడిక. ఊరి చుట్టూ చెరుకు తోటలే. పాస్టర్ గారే కారులో తీసుకెళ్లారు. మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ చెప్పాను. మొదటిసారి కంటే బాగా వచ్చింది. ఐదు నెలలు అనబోయి 'కొద్ది రోజుల్లోనే' అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

ముందు చాప మీద గంగవ్వ అని ఒక పెద్దావిడ కూర్చుంది. చెరుకు తోటల్లో కలుపు తీసే కూలి. నరికిన చెరుకు మోడు గుచ్చుకుని కుడి కాలి బొటనవేలికి పుండయింది. ఆవిడకూ షుగరే. కట్టు శుభ్రంగా ఉంది, దవఖానలో కట్టిన కట్టు. కూడిక అయ్యాక కుంటుకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది.

"ఏం నూనె రాసినవ్ బిడ్డా?"

"నూనె ఏదైతేంది అవ్వా. స్తుతి ముఖ్యం."

"నేను దవఖానకు పోతున్న, గోలీలు మింగుతున్న. గవి మింగుకుంట స్తుతిస్తె ఒప్పుకుంటడా ఆయన?"

అప్పుడే ఎవరో టీ తెచ్చారు. అటు పాస్టర్ గారు కారు స్టార్ట్ చేశారు. "నీ విశ్వాసం ఎంతనో గంత అవ్వా," అని వచ్చేశాను.

మంచి మాటే. అందులో తప్పేం లేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

రాయడానికేమీ లేదు. సబ్‌సెంటర్‌లో మామూలు పనులు. నిద్ర సరిగా పట్టడం లేదు. వయసు అనుకుంటా.

ఫిబ్రవరి 8, శనివారం

మా ఆయన మడమ చూశాను. గట్టిగా ఉంది. ఆయన అడగకుండానే చెప్పాడు, "రోజు సూసుడెందుకు? మానిందని చెప్పినవ్ గద మందికి." చెప్పులేసుకుని కాలువ మీదికి పోయాడు.

నాకు ఈ మధ్య ప్రతిదానికీ చిరాకు వస్తోంది. వంటింట్లో గిన్నె పడితే కోపం, ఫోన్ మోగితే కోపం.

ఫిబ్రవరి 12, బుధవారం

టీకాల రోజు. పిల్లల ఏడుపుల మధ్య ఫోన్ మోగింది. రుద్రూర్ అవతలి గంగవ్వ కోడలు సుకన్య. పాస్టర్ గారి దగ్గర నా నంబరు తీసుకుందట.

"నర్సమ్మా, మా అత్త దవఖాన బంద్ చేసింది. షుగర్ గోలీలు గూడ బంద్. పొద్దుమాపు నీ వీడియో పెట్టుకొని స్తోత్రం స్తోత్రం అంటది. వేలు రంగు మారుతుంది నర్సమ్మా."

"గోలీలు మానొద్దని నేను చెప్పిన్నని చెప్పు."

"నేను చెప్తె ఇంటదా? కోడలి మాట కంటె వీడియోల నీ మాటనే ఎక్కువ. నువ్వే రా."

ఆదివారం వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి తర్వాతి పిల్లకు సూది వేస్తుంటే తల్లి అంది, "అక్కా, సూదిల మందే లేదు." సూది పక్కన పెట్టి, నీళ్లు తాగి వచ్చి వేశాను.

ఫిబ్రవరి 13, గురువారం

మందులు మానమని నేను ఎక్కడా చెప్పలేదు. వీడియో మళ్లీ చూశాను. నిజంగానే చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

వెళ్లలేదు. ఆరాధన తర్వాత స్త్రీల సమాజం మీటింగ్ పెట్టారు, అది అయ్యేసరికి మూడు దాటింది. మార్చి 23న బోధన్‌లో పెద్ద స్తుతి కూడిక ఉంది. కరపత్రాలు వచ్చాయి. పాటలు, ప్రసంగం, సాక్ష్యం: శ్రీమతి సువర్ణ. నా ఫోటో కూడా వేశారు. ఫోటోలో చీర బాగా కనిపిస్తోంది. ఆడవాళ్లందరూ అదే అన్నారు.

వచ్చే వారం తప్పకుండా వెళ్లాలి.

ఫిబ్రవరి 18, మంగళవారం

మానమని చెప్పలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

వెళ్లాను.

గడప దాటకముందే వాసన తెలిసింది. ఆ వాసన దేనిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బొటనవేలు పూర్తిగా నల్లబడింది, పక్క వేలు మొదలైంది, ఎరుపు చీలమండ దాకా పాకింది. ఒళ్లు కాలుతోంది. మంచం పక్కన కొబ్బరినూనె సీసా. దిండు మీద ఫోన్‌లో నేనే మాట్లాడుతున్నాను. నా గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. ముందు ఆ ఫోన్ ఆపేశాను.

"అవ్వా, దవఖానకు నడువు. ఇయ్యాల్నే. నిజామాబాద్‌కు నేను తీస్కపోత."

"ఎందుకు?"

"సూది ఏసుకోవాలె, గోలీలు మింగాలె. మా ఆయన గూడ ఏసుకున్నడు. రోజు రెండు పూటల సూది. పుండు నేనే కడిగిన. ఐదు నెలలు పట్టింది అవ్వా."

"గదంత చర్చిల చెప్పలేదేంది?"

"స్తుతి గద. అండ్ల గవన్ని చెప్తరా?"

"దేవుని ముంగట మందిల చెప్పింది ఒకటి, నా చెవుల మెల్లగ చెప్పేది ఒకటి. ఏది నమ్మాలె నేను? గిప్పుడు సూది ఏసుకుంటె గిన్ని దినాలు నేను చేసిన స్తుతంత అబద్ధమైతది. నాకు విశ్వాసం లేదని ఆయన నన్ను ఇడిసిపెడ్తడు." చీర అంచును పాదం మీదికి లాక్కుంది. "ఏడ చెప్పినవో ఆడ చెప్పు. మంది ముంగట చెప్పు. అప్పుడు వస్త."

బతిమాలాను. కోప్పడ్డాను. కాలు పోతుందని కూడా అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని పెదవులు కదిలిస్తూ ఉండిపోయింది. సుకన్య చంకలో పాపతో తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రేపు ఆదివారం. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆరాధనకు ముందే పాస్టర్ గారి గదికి వెళ్లాను. సాక్ష్యం సరిచేసి చెప్పాలి, మందుల సంగతి చెప్తే మీకేమైనా అభ్యంతరమా అని అడిగాను, కొంచెం దబాయింపుగానే. మహిమలో మనిషికి వాటా వద్దని మీరే కదా అన్నారు, అందుకే నేను చెప్పలేదు అని కూడా అన్నాను.

ఆయనకు నా మాట ఒక పట్టాన అర్థం కాలేదు. "అది ఫ్యాన్ల మీద పేర్లు రాయించుకునేటోళ్ల గురించి చెప్పిన అక్కా. చర్చికి ఫ్యాన్ ఇస్తె మూడు రెక్కల మీద మూడు పేర్లు ఉండాలంటరు గద, గా ముచ్చట. మందుల గురించి నేనెందుకంట? మా అమ్మకు బీపీ గోలీలు నేనే తెచ్చిస్త." గంగవ్వ సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "ఇయ్యాల్నే చెప్పండి అక్కా. నేను పేరు పిలుస్త."

నిజమే, ఫ్యాన్ల గురించే. ఆ ప్రసంగంలో అందరితో పాటు నేనూ నవ్వాను. ఇన్ని రోజులూ ఆ మాటను నాకు కావాల్సినట్టు గుర్తుపెట్టుకున్నాను.

పేరు పిలిచారు. లేచాను. అందరి మొహాలూ ముందే సంతోషానికి సిద్ధమై నా వైపు తిరిగాయి. "దేవునికి స్తోత్రం, ఈ వారమంత మమ్ముల కాపాడిండు," అని కూర్చున్నాను.

పాస్టర్ గారు ఇంకాసేపు నా వైపు చూసి పాట మొదలుపెట్టారు. ఆ పాట అందరికంటే గట్టిగా పాడింది నేనే.

ఫిబ్రవరి 24, సోమవారం

సుకన్యతో 108కి ఫోన్ చేయించాను. అంబులెన్స్ వాకిట్లోకి వచ్చింది. గంగవ్వ ఎక్కలేదు. ఎక్కనని కాగితం మీద వేలిముద్ర వేసిందట.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి, సెలవు. మధ్యాహ్నం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. మా ఆయనకు అంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక ఒకే మాట అడిగాడు.

"ఆగస్టు సంగతి చెప్పాల్సొస్తదనే గద నీ భయం?"

ఆ నెల గురించి ఈ పుస్తకంలో కూడా ఒక్క ముక్క రాయలేదు. రాస్తాను. ముల్లు దిగిన మొదటి మూడు వారాలు ఆయన్ని దవఖానకు తీసుకెళ్లలేదు. నేను నర్సును, నా మొగుడి పుండు నేను చూసుకోలేనా అనుకున్నాను. బీరువాలో మిగిలిన గోలీలు ఇచ్చాను. వాపు చూసి బెణుకు అన్నాను. ఆయన నొప్పి అంటే ఓర్చుకోవడం రాదని వెక్కిరించాను. చలిజ్వరం వచ్చి ఒళ్లు తెలియకుండా పోయాక గానీ ఆటో పిలవలేదు. పాదం తీసేసే దాకా తెచ్చింది ముల్లు కాదు, నేను. మందుల కథ మొదలుపెడితే అక్కడినుంచే మొదలుపెట్టాలి. దేవుని పేరు చెప్పి ఆ మూడు వారాలను దాటేశాను. మహిమలో నాకు వాటా వద్దన్నది అణకువతో కాదు.

మా ఆయన మంచం మీద కూర్చుని మడమ గోక్కుంటూ అన్నాడు, "నేను తూము ఎత్తుత. పొలం పారుతది. రైతు దేవునికి దండం పెట్టుకుంటడు, నన్ను మర్సిపోతడు. నాకేం బాధ లేదు. కని తూము లేదు గీము లేదు, దండం పెడితెనే నీళ్లొచ్చినయని పక్క పొలమోనికి చెప్తె? ఆడు తూము దిక్కు రానే రాడు. గట్టు మీద దండాలు పెట్టుకుంటనే కూసుంటడు. పొలం ఎండుతది."

"నీకన్ని కాలువ ముచ్చట్లే," అన్నాను. లేచి పెరట్లోకి పోయాను.

బట్టలు ఆరేస్తున్నా అదే తిరుగుతోంది. మా సబ్‌సెంటర్‌కు పై ఆఫీసర్లు తనిఖీకి వస్తే అన్నీ బాగున్నాయి సార్ అంటాం, విరిగిన కుర్చీ మీద దుప్పటి కప్పుతాం. దేవుని ముందు కూడా అలాగే మాట్లాడినట్టున్నాను. ఇన్సులిన్ పేరెత్తితే చిన్నబోయే దేవుడా ఆయన? చిన్నప్పుడు మా అమ్మ వరి నాటి వచ్చి, నడుము పట్టేసి, అన్నం ముందు కూర్చుని స్తోత్రం అనేది. నడుము నొప్పి లేదని ఎప్పుడూ అనలేదు. నొప్పి అనేది, స్తోత్రమూ అనేది. ఆయనకు మనం చెప్తేనే తెలుస్తుందా ఏమన్నా? ఆయనకు అన్నీ తెలుసు. నా నోటినుంచి విని నమ్మింది గంగవ్వ.

మార్చి 1, శనివారం

రేపు గంగవ్వను ఆటోలో చర్చికి తెమ్మని సుకన్యకు చెప్పాను. పాస్టర్ గారికీ చెప్పాను. ఇద్దరికీ చెప్పేశాను కాబట్టి ఇక తప్పించుకోలేను. అన్నం సయించలేదు.

మార్చి 2, ఆదివారం

నిజామాబాద్ ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా పొద్దు గూకలేదు. లోపల గంగవ్వకు సెలైన్ ఎక్కుతోంది.

ఆటో చర్చి తలుపు దాకా వచ్చింది. వాసన వస్తుందని ఆవిడ దిగలేదు, ఆటోలోనే కాలు చాపుకుని కూర్చుంది. అందుకని నేను ముందుకు పోకుండా తలుపు దగ్గరే నిలబడి చెప్పాను, సగం చర్చికి, సగం ఆటోకి.

ఆగస్టు నుంచి మొదలుపెట్టాను. మిగిలిన గోలీలు, బెణుకు అన్న మాట, చలిజ్వరం. పుండు కోసి శుభ్రం చేసిన డాక్టరు. రెండు పూటలా ఇన్సులిన్. పొద్దున్నే ఉప్పునీళ్లతో కడగడం, మధ్యలో రెండుసార్లు మళ్లీ చీము పట్టడం, అన్నం కోసం మా ఆయన నాతో పోట్లాడటం, నేను రొట్టెలే పెట్టడం. నూనె రాసిన మాట నిజమే, కానీ ఒక్కరోజు, అదీ పుండు మీద కాదు, నుదుటి మీద. అది కూడా చెప్పాను.

"ఇండ్ల ఏదీ దేవుడు లేకుంట జరగలేదు," అన్నాను. "సూది గూడ ఆయన ఇచ్చిందే. కని ఇవన్ని దాసిపెట్టి ఆయన పేరు ఒక్కటే చెప్పిన. నా తప్పు బయటపడొద్దని గట్ల చెప్పిన. గంగవ్వ నా మాట నమ్మి మందులు మానింది."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనకనుంచి ఒక పెద్దాయన "స్తుతి చేసే టైంల గీ పంచాతేంది," అన్నాడు. మా ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

గంగవ్వ ఆటోలోంచి అంతా విన్నది. "గిది ముందుగాల్నే చెప్పాల్సుండె," అంది. తర్వాత ఆటో అతనితో, "ఇగ నడువు, నిజామాబాద్," అంది. నేనూ ఎక్కాను.

మార్చి 4, మంగళవారం

నిన్న ఆపరేషన్ అయింది. మోకాలి కింది నుంచి తీసేశారు.

డాక్టరమ్మను అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. "పదిహేను రోజుల ముందు తెస్తే వేలుతో పోయేదమ్మా," అంది. నిన్నటికి పదిహేను రోజుల ముందంటే ఫిబ్రవరి పదహారు. వస్తానని చెప్పి నేను వెళ్లని ఆదివారం. కరపత్రం మీద చీర చూసుకున్న ఆదివారం.

మార్చి 9, ఆదివారం

పాస్టర్ గారు కరపత్రాలు మళ్లీ వేయించారు, నా పేరు లేకుండా. నన్నేమీ అనలేదు. ఆరాధనలో నేను పాడటానికి నోరు తెరవలేదు.

మార్చి 16, ఆదివారం

ఇవాళ కూడా. పాటల పుస్తకం పట్టుకుని నిలబడ్డాను, అంతే. పక్కనావిడ పేజీ తప్పు తీశానేమోనని వంగి చూసింది. సరైన పేజీయే.

మార్చి 23, ఆదివారం

బోధన్‌లో స్తుతి కూడిక ఇవాళే. వెళ్లలేదు. మా ఆయన వెళ్లి వచ్చి, పాటలు బాగున్నయ్, మైకు బాగలేదు అన్నాడు.

మార్చి 28, శుక్రవారం

గంగవ్వను ఇంటికి తెచ్చి పది రోజులైంది. రోజూ డ్యూటీకి ముందు వెళ్లి కట్టు మారుస్తున్నాను. మా ఆయన బండి మీద దింపి, ఊరి బయట టీ తాగుతూ ఉంటాడు. ఇన్ని రోజులూ మా మధ్య పని మాటలే. కాలు ఎత్తు, నొప్పి ఉన్నదా, సూది ఏసుకున్నవా. ఇవాళ ఆవిడే కదిపింది.

"చర్చిల పాడుతలేవంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరైతేంది. ఎందుకు పాడుతలేవ్?"

"ఏం మొహం పెట్టుకొని పాడాలె అవ్వా."

"నీ మొహంతోని ఏం పని? నీ మీద నాకు కోపమున్నది. సచ్చేదాంక ఉంటదో ఏమో, నాకెర్క లేదు. ఆయన మీద లేదు." మోకాలు నా వైపు జరిపి అడిగింది, "నువ్వు మంచిదానివైతెనే ఆయన మంచోడా?"

గాజుగుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"జల్ది కట్టు. ఈగలు వాల్తున్నయ్," అంది.

బండి మీద తిరిగి వస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఫిబ్రవరిలో నేను గట్టిగా పాడింది నా గురించి. మార్చిలో నోరు మూసుకున్నదీ నా గురించే. గంగవ్వకు కాలు లేదు, నాకు నా మొహం గురించి బెంగ.

ఏప్రిల్ 20, ఈస్టర్

పాడాను. గొంతు జీరపోయి ఉంది, ఎవరికీ వినపడి ఉండదు. ఆయన మంచివాడు అన్న ఒక్క చరణం దగ్గర ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఏప్రిల్ 24, గురువారం

కట్టు విప్పుతుంటే గంగవ్వ అంది, "ఆదివారం వర్ని చర్చిల సాక్ష్యం చెప్త. పాస్టర్ అయ్యగారికి చెప్పిన. నువ్వు నా పక్కకు నిలబడాలె, లేకుంటె పడ్త."

"ఏం చెప్తవ్ అవ్వా?"

"జరిగింది చెప్త."

"నా పేరు చెప్తవా?"

"చెప్పకుంటె ఎట్ల?" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మధ్యాహ్నం నుంచి పనిలో మనసు లేదు. నా తప్పు నేను చెప్పుకోవడం వేరు, ఆవిడ నోట వినడం వేరు. ఆదివారం డ్యూటీ వేయించుకోవచ్చా అని ఆలోచించాను. నిజంగా ఆలోచించాను, ఫోన్ కూడా తీశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్లాను.

గంగవ్వ ఒక చంక కింద కర్ర పెట్టుకుంది, ఇంకో చేయి నా భుజం మీద వేసింది. బరువంతా నా మీదే. మైకు వద్దంది.

"నేను గంగవ్వను. చెరుకు తోటల కూలికి పోతుంటి. గీ సువర్ణ నర్సమ్మ మాట నమ్మి మందులు బంద్ పెట్టిన. నా కాలు పొయ్యింది."

నా పేరు చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. నేను ముందు వరుసలో ఉన్న పిల్లల చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. కూలబడిపోవాలని ఉంది, కానీ నేను కూలబడితే ఆవిడ పడుతుంది.

"గీమెనే రోజొచ్చి పుండు కడిగింది. మానుతున్నది. రెండు జరిగినయ్, రెండు చెప్తున్న. నేను గూడ తక్కువ మొండిదాన్ని గాదు, బండి ఇంటి ముంగటికొస్తె ఎక్కకపోతి. గిప్పుడు సూది రెండు పూటల ఏసుకుంటున్న. మీల ఎవరన్న మందులు మానిండ్రా, నా కాలు సూడుండ్రి." చంక కింద కర్ర సర్దుకుంది. "మోకాలు మిగిలింది. మనుమరాలు తొడ మీద కూసుంటది. పోయిన కాలు కోసం ఏడుస్తున్న, రోజు ఏడుస్తున్న. ఏడ్సేటప్పుడు గూడ ఆయన నా దగ్గరనే ఉన్నడు. ఆయనకు స్తోత్రం."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దీనికి ఏమనాలో ఎవరికీ తెలియలేదు. పాస్టర్ గారు పుస్తకం పట్టుకుని నిలబడిపోయారు. నేను బదులు చెప్పే హక్కు ఉన్నదాన్ని కాదు. ఆవిడ కూర్చోలేదు. ఒంటికాలి మీద, నా భుజం పట్టుకుని, ఎదురుచూస్తోంది.

"ఆమెన్," అన్నాను. ముందు నా గొంతు ఒక్కటే వినిపించింది.